పాక్ హసన్ రబ్బరు దిమ్మలు

మొన్న శనివారం పొద్దున మా ఆయన కాఫీ మెషీన్‌లో పేరుకున్న సున్నం వదిలించాలని ఏదో సీసా కొనుక్కొచ్చి, దాని మూత తీసి, రెండు నిమిషాల్లో కిచెన్ అంతా కంపు చేసి, ఆ తర్వాత తీరిగ్గా "కిటికీ తియ్యి" అని నన్ను కేకేశాడు. నేను తియ్యలేదు. ముక్కులోంచి నేరుగా తలలోకి ఎక్కే ఆ ఘాటు, గండుచీమని వేళ్ళ మధ్య నలిపి వాసన చూస్తే వచ్చేలాంటి ఆ పుల్లటి మంట, నలభై ఏళ్ళ కిందట నేను బడి నుంచి ఇంటికి నడిచొచ్చే దారి పొడుగునా ఉండేది. సీసా వెనక చిన్న అక్షరాలు కళ్ళజోడు పెట్టుకుని చదివాను. ఫార్మిక్ యాసిడ్. మా ఊళ్ళో దాన్ని రబ్బరు పాలు తోడు పెట్టటానికి వాడేవారు. "ఏంటలా నిలబడిపోయావ్, కళ్ళు మండట్లేదా?" అన్నాడాయన. మండుతున్నాయనే చెప్పాను.

మా ఊరు అంటున్నాను కదా, అది గోదావరి జిల్లాల్లోనో గుంటూరు వైపో ఉంటుందని మీరు అనుకునుంటారు. ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో మనవాళ్ళ పాట్‌లక్కు భోజనాల్లోనూ అంతే. తలా ఒకరు చిన్నప్పటి సంగతులు ఎత్తుకుంటారు, మామిడి తోటలూ అమ్మమ్మ గారి పెరడూ అయ్యాక నా వంతు వస్తుంది, నేను ఇండోనేషియా అంటాను, "ఓ, బాలీనా, మేం యానివర్సరీకి వెళ్ళాం" అని ఎవరో ఒకరు ఫోన్ తీసి ఫొటోలు చూపించబోతారు. బాలీ కాదు తల్లీ. బోర్నియో ద్వీపంలో, పెద్ద నది ఒడ్డున ఉన్న ఊరి నుంచి రెండు రోజులు పడవలో ఎగువకి పోతే, నది మూడు వంపులు తిరిగిన చోట, కొయ్య కాళ్ళ మీద నిలబడ్డ అరవై ఇళ్ళు. కారు లేదు, రోడ్డు లేదు, ఇంటికీ ఇంటికీ మధ్య చెక్కలు పరిచిన వంతెన, దాని మీద పరిగెడితే ఊరంతటికీ ఎవరి పిల్ల పరిగెడుతోందో చప్పుడుని బట్టి తెలిసిపోయేది. నాది తెలియనివాళ్ళు లేరు.

మేం అక్కడికి ఎలా పోయామంటే, మా నాన్న కెమిస్ట్రీలో డిగ్రీ చేసి, కేరళ రబ్బరు తోటల్లో పదేళ్ళు నాణ్యత చూసే ఉద్యోగం చేసి, ఆ అనుభవంతో ఒక రబ్బరు కంపెనీ తరఫున ఆ ఊరి రేవులో రబ్బరు కొనే పనికి కుదిరాడు. నాకు ఏడేళ్ళప్పుడు వెళ్ళాం, పదకొండు నిండాక నేను వచ్చేశాను. నాలుగేళ్ళే కదా అంటారు కొందరు. ఆ నాలుగేళ్ళ తర్వాత బెజవాడ, హైదరాబాదు, అమెరికా అన్నీ కలిపి నలభై ఏళ్ళు బతికాను, వాటిలో ఏ వీధి పేరూ నాకు కలలో రాదు.

ఎండాకాలం చివర్లో రబ్బరు చెట్లు ఆకంతా రాల్చేసి ఎర్రగా చిగిర్చేవి, ఆపైన కాయలు ఎండి పగిలేవి, తోటలో నిలబడితే తల మీద టప్ టప్ మని పగులుతూ గింజలు ఇరవై అడుగుల దూరం ఎగిరి పడేవి. ఆ గింజలు గోధుమరంగు మచ్చలతో నున్నగా మెరిసేవి, ఒక గింజ మీద ఇంకో గింజ పెట్టి అరచేత్తో గుద్దితే ఎవరిది పగలకపోతే వాళ్ళు గెలిచినట్టు. వానాకాలంలో నది ఇంటి కిందకి వచ్చేసేది, వంటింటి నేలచెక్కల సందులోంచి గాలం వేసి చేపలు పట్టేవాళ్ళం, బడి మెట్లకి పడవలు కట్టేవాళ్ళం. రంజాన్ నెలలో మగపిల్లలు లావుపాటి వెదురు బొంగుల్లో కిరసనాయిలు పోసి ఫిరంగుల్లా పేల్చేవాళ్ళు, పండగ ముందు రోజు ప్రతి ఇంటి ముందూ నిప్పుల వరస, దాని మీద వాలుగా ఆనించిన వెదురు గొట్టాలు, వాటిలో అరటాకు చుట్టి పోసిన జిగురు బియ్యం, కొబ్బరిపాలు. గొట్టం చీల్చగానే వచ్చే ఆ వేడి వాసనకి మా అమ్మ కూడా లొంగిపోయేది, మిగతా దేనికీ లొంగలేదు.

మా అమ్మ ఆ ఊళ్ళో ఆంధ్రదేశం నిలబెట్టాలని పట్టు పట్టింది. కందిపప్పు ఆర్నెల్లకోసారి పడవలో వచ్చేది. గోంగూర లేదు కాబట్టి కర్రపెండలం ఆకు దంచి పప్పులో వేసేది, చింతపండు బదులు ఏదో అడవి పుల్లకాయ ఎండబెట్టి వాడేది, వాసనేసే అక్కడి మామిడితో ఆవకాయ పెట్టి "ఇది ఆవకాయ అని నా నోటితో అనను" అంటూనే సంవత్సరమంతా వడ్డించేది. ఆ ఊరివాళ్ళు డురియన్ పండు గుజ్జుని ఉప్పేసి జాడీలో పులియబెట్టేవారు, నేను దాన్ని పెరుగన్నంలో నంజుకుంటుంటే చూసి అమ్మ కంచం తీసి బయట పెట్టింది. "అది తినాలంటే ఆ ఇంటికే పోయి తిని, అక్కడే మూతి కడుక్కుని రా" అంది. పోయేదాన్ని. ఆ ఇల్లు రోస్నాది.

రోస్నా నా ఈడుది, నా తరగతిది, లెక్కల్లో నాకంటే ఎప్పుడూ ఒక మెట్టు పైనది. వాళ్ళ నాన్న హసన్‌ని మేం పాక్ హసన్ అనేవాళ్ళం, పాక్ అంటే మన 'గారు' లాంటిది. సన్నటి మనిషి, తక్కువ మాటలు, లవంగాల సిగరెట్టు చెవి మీద పెట్టుకుని అది అక్కడుందని మర్చిపోయి ఇంకోటి వెలిగించేవాడు. వాళ్ళ నానమ్మా, మా అమ్మా మెట్ల మీద కూర్చుని తాంబూలం వేసుకునేవారు, ఆవిడ ఆ ఊరి భాష మలయ్‌లోనూ ఈవిడ తెలుగులోనూ, ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాకుండా గంటలు గంటలు కోడళ్ళని తిట్టుకునేవారు. మా అమ్మకి అప్పటికి కోడలు లేదు, అయినా తిట్టేది.

ఊళ్ళో అందరి బతుకూ రబ్బరే. తెల్లారకముందే నుదుటికి దీపం కట్టుకుని తోటలోకి పోయి, చెట్టు బెరడు మీద వంపు గాటు పెట్టి, కింద కొబ్బరి చిప్ప తగిలించేవారు. ఎండెక్కేసరికి చిప్పల్లో పాలు. వాటిని ఇంటి వెనక చెక్క పెట్టెలో పోసి, ఆ ఘాటు యాసిడ్ కొంచెం కలిపితే పెరుగు తోడుకున్నట్టు గడ్డ కట్టేది. అదే దిమ్మ. బెత్తం తీగతో కట్టి నదిలో ముంచి ఉంచితే ఆరిపోకుండా బరువు నిలుస్తుంది. ఆ దిమ్మలు కుళ్ళే కంపు గురించి రాయను, చదివేవాళ్ళు భోజనం ముందు ఉండొచ్చు. ఒకటి మాత్రం చెప్పాలి. పాలు గడ్డ కట్టేటప్పుడు అందులో గుప్పెడు బెరడు తురుము వేసి కలిపెయ్యటం ఆ ఊరి అలవాటు. తూకం పెరుగుతుంది. అందరూ వేసేవారు, కొనేవాళ్ళకీ తెలుసు, వాళ్ళు ఆ మేరకు ధర తగ్గించేవారు, అలా ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు మోసం చేసుకుంటూ సుఖంగా ఉండేవారు.

ఊరంతా రబ్బరు మాస్టర్ అని పిలిచే మా నాన్న వచ్చి ఆ సుఖం చెడగొట్టాడు. శుభ్రమైన రబ్బరు తెస్తే మంచి ధర, బెరడు కనబడితే ఆ ఇంటి రబ్బరు ఆ కాలమంతా కొనేది లేదు అన్నాడు. రేవులో ఒక పెద్ద వంకీ కత్తి పెట్టుకుని అనుమానం వచ్చిన దిమ్మనల్లా కోసి చూసేవాడు. ఊరు గొణిగింది. ముందుగా మాట విన్నవాడు పాక్ హసన్. ఆయన పాలని గుడ్డలో వడగట్టి పోసేవాడు. అందుకే నాన్న ఆయన దిమ్మలు ఎప్పుడూ కొయ్యలేదు, చేత్తో తట్టి పక్కన పెట్టేవాడు.

ఆ ఊరి బడి ఆరో తరగతి దాకానే. తర్వాత చదవాలంటే పట్టణంలో, చుట్టాలింట్లో ఉండి చదవాలి. ఎవరూ పోయేవారు కాదు. మగపిల్లలు దుంగల కోత పనికి, ఆడపిల్లలు నుదుటి దీపానికి. రోస్నా పోవాలని వాళ్ళ మేష్టారు పట్టుబట్టాడు, పాక్ హసన్ ఒప్పుకున్నాడు. పట్టణంలో రోస్నా పిన్నిగారింట్లో చోటు దొరికింది. దానికి కావలసిన డబ్బంతా ఆరు దిమ్మలు అమ్మితే రావాలి. ఇంట్లో వాటిని రోస్నా బడి అనేవారు. "రోస్నా బడి మీద నాచు పట్టింది, కడుగు" అనేది వాళ్ళమ్మ. అప్పటికి మూడు నదిలో మునిగి ఉన్నాయి, ఇంకో మూడు పోయాల్సి ఉంది.

ఒకరోజు బడి నుంచి వస్తూ రోస్నా దిగులుగా చెప్పింది, ఆరూ చాలవేమోనని ఇంట్లో అనుకుంటున్నారని. అప్పుడు నేను నోరు విప్పాను. నా నోరు అప్పుడూ ఇలాగే ఉండేది.

"బెరడు వేద్దాం," అన్నాను.

"మీ నాన్న కోస్తారు."

"మీవి కొయ్యడు. ఎప్పుడైనా కోశాడా?"

రోస్నా లెక్కల పిల్ల కాబట్టి ఆలోచించింది. కొయ్యలేదు. పాక్ హసన్ పాలు పోసి, యాసిడ్ కలిపి, మధ్యాహ్నం నమాజుకి పోయేవాడు. ఆ పావుగంటలో మేమిద్దరం ఒళ్ళో తెచ్చిన బెరడు తురుము పెట్టెలో వేసి, పుల్లతో లోపలికి కుక్కి, పైన మళ్ళీ నున్నగా సర్దేశాం. అలా మూడు రోజులు, మూడు దిమ్మలు. ఎంత మంచి పని చేశామనుకున్నామంటే, మూడో రోజు చేతులు కడుక్కుని పక్కింటి చెట్టు జామకాయలు కోసుకుని పండగ చేసుకున్నాం.

అమ్మకం రోజు రేవులో ఊరంతా ఉంది. ఆ పొద్దునే ఇంట్లో నాకూ నాన్నకీ వాదన జరిగింది, దేని గురించో ఇప్పుడు గుర్తులేదు, "తెలియని విషయాల్లో నోరెత్తకు" అన్న మాట మాత్రం గుర్తుంది. అది మనసులో మండుతూనే ఉంది. ఎవరివో దిమ్మలు కోస్తే బెరడు బయటపడింది, ఆ మనిషి హసన్‌వి ఎందుకు కొయ్యరని నిలదీశాడు. నాన్న నవ్వి, పాక్ హసన్ దిమ్మ మీద చెయ్యేసి తట్టి, కొయ్యక్కర్లేదు, నా చేతికి తెలుస్తుంది, ఇందులో పాలు తప్ప ఏమీ లేవు అని అందరికీ చెప్పాడు. చెప్పి, నా వైపు తిరిగి, తెలుగులో, గర్వంగా అన్నాడు:

"చూశావా అమ్మడూ, విషయం తెలియటం అంటే ఇదీ."

"నీకేం తెలీదు నాన్నా," అన్నాను నేను కూడా తెలుగులోనే. "అందులో బెరడుంది."

దీనికి నాకు ఇప్పటికీ వేరే కారణం దొరకలేదు. రోస్నా మీద కోపం లేదు. న్యాయం, ధర్మం అసలే లేవు. ఆ క్షణంలో మా నాన్న తప్పు, నేను ఒప్పు, అది ఆయనకి తెలియాలి, అంతే. తెలుగులో అన్నాను కదా, అది మా ఇద్దరి మధ్యే ఉండిపోతుందనుకున్నాను. మా నాన్న నిక్కచ్చి మనిషి అన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. ఆయన మొహంలో నవ్వు మెల్లగా పోయింది, వంగి కత్తి తీసుకున్నాడు.

మొదటి దిమ్మ శుభ్రంగా, తెల్లగా తెగింది. రెండోదీ, మూడోదీ అంతే. నాలుగోది తెగినప్పుడు లోపల బెరడు, పెరుగులో నల్లచీమల్లాగా. ఎవరో వెనక నుంచి నవ్వారు. పాక్ హసన్ మోకాళ్ళ మీద కూర్చుని ఆ ముక్కల్ని వేలితో తీసి చూశాడు, తనవి కానివి చూసినట్టు చూశాడు. తర్వాత తలెత్తి రోస్నాని చూశాడు, నన్ను చూశాడు. నాన్న ఏమైనా చెప్పుకునేది ఉందా అని అడిగాడు. పాక్ హసన్ "లేదు మాస్టర్" అన్నాడు.

అప్పుడు నేను చెప్పొచ్చు. రెండు మాటలు, ఏ భాషలోనైనా. మేమే వేశాం. అంత నోరున్నదాన్ని, నోరు తెరవలేదు.

ఆ ఇంటి రబ్బరు ఆ కాలమంతా కొనలేదు. రోస్నా బడి ఆరు దిమ్మలూ మళ్ళీ నదిలోకి పోయాయి, తర్వాత ఏదో పోయే పడవవాడికి వచ్చిన ధరకి ఇచ్చేశారు. పట్టణంలో బడులు తెరిచారు. అదే నెలలో నన్ను బెజవాడ హాస్టల్లో చేర్పించటానికి కొత్త ట్రంకు పెట్టె, కొత్త బూట్లతో పడవెక్కించారు. తెల్లవారుజాము మంచులో పడవ వాళ్ళ తోట పక్కనుంచే పోయింది. చెట్ల మధ్య ఒక దీపం వంగి లేస్తోంది, రోస్నా ఎత్తుకి. అది మా పడవ వైపు తిరగలేదు.

ఆ తర్వాత మా నాన్న ఇంకో ఐదేళ్ళు అక్కడ పనిచేసి, రిటైరయ్యాక మా దగ్గరికి అమెరికా వచ్చిపోతుండేవాడు. మా ఇంటికి ఎవరు భోజనానికి వచ్చినా ఆ కథ చెప్పేవాడు, ఊరంతా నమ్మిన ఒక పెద్దమనిషి దిమ్మల్లో బెరడుని తను కోయకముందే ఎలా కనిపెట్టాడో. ఏళ్ళు గడిచేకొద్దీ ఆయన కథలోంచి నేను జారిపోయాను, నిజంగానే మర్చిపోయాడు. నేను పులిహోర వడ్డిస్తూ వినేదాన్ని. "మనుషుల్ని నమ్మకూడదండీ" అని ముగించేవాడు. నాలుగేళ్ళ కిందట పోయాడు, ఆ నమ్మకంతోనే.

కాఫీ మెషీన్ శుభ్రపడిన శనివారం సాయంత్రం ఇదంతా మా అమ్మాయి నిత్యకి చెప్పాను. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు ముక్కలు ఏరుకుని మాట్లాడుతుంది. అంతా విని, "సో అమ్మా, ఈ స్టోరీలో విలన్ నువ్వేనా?" అంది. అదే కూర్చుని ఆ జిల్లా వాళ్ళ ఆన్‌లైన్ గ్రూపు ఒకటి వెతికి, మా ఆరో తరగతి ఫొటో అందులో పెట్టింది. మూడు రోజుల్లో రోస్నా కూతురు రాసింది. ఆ పిల్ల పట్టణంలో నర్సు. మర్నాడు మాకు సాయంత్రం, వాళ్ళకి పొద్దున, ఫోన్‌లో రోస్నా మొహం వచ్చింది.

"లావయ్యావు," అంది మొదటి మాటగా.

"నువ్వు తగ్గావా?" అన్నాను. నా మలయ్ పదకొండేళ్ళ దగ్గర ఆగిపోయింది, పిల్లల మాటలే వస్తున్నాయి. అది నవ్వింది. పదహారో ఏట సరిహద్దు దాటి ప్లైవుడ్ ఫ్యాక్టరీలో పనికి పోయిందట, తిరిగొచ్చి పెళ్ళి చేసుకుందట, మొగుడూ తనూ పామాయిల్ తోటలో పనిచేస్తారట. పాక్ హసన్ పోయి ఆరేళ్ళు.

"రోస్నా, ఆ బెరడు," అన్నాను.

"నీ ఐడియానే. ఎప్పుడు ఎత్తుతావా అని చూస్తున్నా."

"మీ నాన్నకి తెలుసా?"

"ఆ సాయంత్రమే చెప్పాను. కర్ర తీస్తారనుకున్నా. తియ్యలేదు."

"మరి వచ్చి మా నాన్నతో చెప్పొచ్చుగా."

"ఏమని? మాస్టర్, మీ అమ్మాయే వేసింది అనా? ఊరంతా అమ్ముకునేది ఆయనొక్కడికే. ఊరి ముందు ఆయన్ని చిన్నబుచ్చితే, రేవు మూసుకుని పోతే? నాన్న అదే అన్నారు. ఊరుకోండి అన్నారు." ఆ వెంటనే, "బడి గురించి నువ్వేం ఏడవక్కర్లేదు. తర్వాత పట్టణం వెళ్ళి చదివినవాళ్ళు ముగ్గురు, ముగ్గురూ నాతోనే పామ్ గెలలు కోస్తున్నారు," అంది.

"అబద్ధం. చదివుంటే నువ్వు కోసేదానివి కాదు. లెక్కల్లో నన్నెప్పుడూ ఓడించేదానివి."

"అందుకేనా మీ నాన్నకి చెప్పావ్?"

కాదన్నాను. అది నమ్మలేదు, నేను మళ్ళీ కాదన్నాను, ఇద్దరం గొంతులు పెంచాం, వెనక దాని కూతురు కంగారుగా తొంగి చూసింది. చివరికి రోస్నానే చెయ్యెత్తి ఆపింది. "నా బడి సంగతి వదిలెయ్. నాన్నని పోయేదాకా బెరడు హసన్ అనే పిలిచారు. పెళ్ళిళ్ళలో కూడా. అది చూడు."

ఏం చెయ్యాలో అదే చెప్పింది. వాళ్ళ ఊరికి ఒక ఫోన్ గ్రూపు ఉంది. నేను నా గొంతుతో, నాకొచ్చిన మలయ్‌లోనే, రికార్డు చేసి పంపాను: నేను రబ్బరు మాస్టర్ కూతురు లతని. పాక్ హసన్ పాలు గుడ్డలో వడగట్టి పోశారు. బెరడు వేసింది నేనూ రోస్నా. వేద్దామన్నది నేను. నాన్నకి చెప్పింది నేను. పాక్ హసన్ తప్పేమీ లేదు. ఆరు వాక్యాలకి గంట పట్టింది, నిత్య నాలుగుసార్లు నీళ్ళిచ్చింది.

జవాబులు మర్నాటికి వచ్చాయి. ఎక్కువమంది బొటనవేలు బొమ్మలు పెట్టారు. ఎవరో కుర్రాడు రాశాడు, రబ్బర్లో బెరడు వేస్తే ఏమవుతుంది అని. వాడికి తెలియకపోవటం న్యాయమే. నదికి రెండు వైపులా ఇప్పుడు పామ్ చెట్లు తప్ప ఏమీ లేవట, రబ్బరు తోటలు ఎప్పుడో కొట్టేశారు, రేవు చెక్కలు వరదలో పోయాయి, కొబ్బరి చిప్పలు, నుదుటి దీపాలు, ఆ ఘాటు, ఆ కుళ్ళు కంపు, దిమ్మ కొయ్యటమంటే ఏమిటో చెప్పాల్సిన అవసరం లేని మనుషులు, అన్నీ పోయాయి. రోస్నా కూర్చుని సగం రోజు ఆ పిల్లలకి వివరించిందట. వాళ్ళ నాన్న పేరు నిలబెట్టాలంటే ముందు ఆ పేరు ఎలా పోయిందో నేర్పాల్సి వచ్చింది.

సాయంత్రానికి ఒక ముసలాయన గొంతు వచ్చింది. ఆ రోజు రేవులో హసన్‌వి ఎందుకు కొయ్యరని అడిగిన మనిషి తనేనట. దగ్గుతూ, ఆగి ఆగి మాట్లాడాడు. "ఆ రోజు నావి కోశారు, బెరడుంది. అందరివాటిలో ఉండేది. అయితే ఊరు మొత్తానికి శుభ్రంగా పోసినవాడు హసన్ ఒక్కడే అన్నమాట. సరే. నేను అందరికీ చెబుతాను, కానీ మా కాలం వాళ్ళు ఐదుగురే మిగిలారమ్మా."

నిత్యకి అది మళ్ళీ వినిపించి తెలుగులో చెప్పాను. ఐదుగురికి ఆయన చెబుతాడు. మా నాన్నకి చెప్పటం ఒక్కటి మిగిలింది, దానికి ఏ గ్రూపూ లేదు.